శాసనసభ్యుల పని, పంచాయతీల పని

(నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగపాఠము)



మన నియోజకవర్గములలో శాసనసభ్యులు ఈమధ్య చేసిన పనులనుగూర్చియు, గ్రామముల విశేషములనుగూర్చియు మాటలాడుమని నన్ను కోరినారు. పనుల పట్టిక చదివి కూర్చుండుట నాకు సులభమే. కాని పట్టిక విని ఇంటికి పోయిన సభ్యునకు మరునాడు తన వార్డులో చేయదగినది ఏమియు తోచదు. అందుచేత ఏ పని ఎవరి చేతిలో ఉన్నదో, శాసనసభ్యుని పని ఎక్కడ ముగిసి మీ పని ఎక్కడ ఆరంభమగునో కలిపి చెప్పదలచినాను.

2024 ఎన్నికలలో నంద్యాల నుండి శ్రీ ఎన్. ఎం. డి. ఫరూక్ గారు, ఆళ్ళగడ్డ నుండి శ్రీమతి భూమా అఖిలప్రియగారు శాసనసభకు ఎన్నికైరి. ఫరూక్ గారు ఆ జూన్ నెలలో న్యాయశాఖకు, అల్పసంఖ్యాకుల సంక్షేమశాఖకు మంత్రిగా ప్రమాణము చేసిరి. అఖిలప్రియగారు 2014 ఉపఎన్నికలో పోటీ లేకుండ మొదటిసారి సభలో ప్రవేశించినవారు. 2017 నుండి 2019 వరకు పర్యాటకశాఖను నిర్వహించిరి. ఆ 2024లోనే లోకసభకు శ్రీమతి బైరెడ్డి శబరిగారు మన నంద్యాల నుండి ఎన్నికైరి. నంద్యాల నియోజకవర్గములో పట్టణముతోపాటు నంద్యాల, గోస్పాడు మండలములు కలవు. ఆళ్ళగడ్డ నియోజకవర్గములో ఆళ్ళగడ్డ, సిరివెళ్ళ, రుద్రవరము, దొర్నిపాడు, ఉయ్యాలవాడ, చాగలమర్రి మండలములు కలవు. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా ఏర్పడినప్పటి నుండి కలెక్టరుగారి కార్యాలయము మనకు దగ్గరైనది. అంతకుముందు చాగలమర్రి రైతు ఒక అర్జీ ఇచ్చుటకు నూరు కిలోమీటర్లకు పైబడి కర్నూలు వరకు పోవలసివచ్చెడిది. దూరము తగ్గినది, అర్జీలు మాత్రము తగ్గలేదు!

మొదట సభలో జరిగిన పని చెప్పెదను. ఏలయనగా శాసనసభ్యుని అసలు పని శాసనము చేయుట. వీధిదీపము వేయించుట కాదు.

2024 నవంబరు సమావేశములలో మన శాసనసభ ఆమోదించిన ఒక సవరణ మీకు నేరుగా సంబంధించినది. ఇద్దరికి మించి సంతానము గలవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీచేయరాదను నిబంధన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టములో ఉండెడిది. జనాభా పెరుగుదలను అరికట్టవలెనన్నది ఆనాటి తలంపు. ముప్పది సంవత్సరములలో పరిస్థితి తారుమారైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో సగటున ఒక స్త్రీకి కలుగు సంతానము 1.7. అనగా తలిదండ్రులిద్దరి స్థానమును నింపుటకైనను చాలదు. పిల్లలు తగ్గి వృద్ధులు పెరుగుచున్న కాలములో ఆ నిబంధనకు అర్థము లేదని సభ దానిని తొలగించినది. నా అభిప్రాయములో ఆ నిబంధనవలన ఎక్కువ నష్టపోయినవారు స్త్రీలు. ఎందరు బిడ్డలు కావలెనో నిర్ణయించు అధికారము చాల ఇండ్లలో వారికి లేదు. నామినేషను త్రోసివేయబడునది మాత్రము వారిదే. ఆ అడ్డు తొలగినదని మీ గ్రామములో చెప్పుడు. పంచాయతీలలో స్త్రీలకు 1994 చట్టము మూడవవంతు స్థానములు కేటాయింపగా, 2013 ఎన్నికలనాటికి అవి సగమైనవి. పీఠముపై భార్యయు, దస్త్రముపై భర్తయు ఉండు ఆచారము ఇకనైనను తగ్గవలెను. ఈ తరగతికి స్వయముగ వచ్చిన సోదరీమణులను చూచుచుండగా నాకు సంతోషముగ నున్నది.

ఇక మరియొక మాట. పంచాయతీల చరిత్రకు మన నంద్యాలకు గల సంబంధము చాలమందికి జ్ఞాపకము లేదు. బల్వంతరాయ్ మెహతా సంఘపు సిఫారసుపై 1959 అక్టోబరు 2వ తేదీన రాజస్థానములోని నాగౌరులో పండిట్ నెహ్రూ పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. వెంటనే దానిని అందిపుచ్చుకొన్నది మన ఆంధ్రప్రదేశ్. అప్పటి ముఖ్యమంత్రి శ్రీ నీలం సంజీవరెడ్డిగారు. 1977లో నంద్యాల ఓటర్లు లోకసభకు పంపినది ఆయననే. అక్కడ సభాపతియై, అదే సంవత్సరము రాష్ట్రపతియైరి. 1991 నవంబరులో మరల మన నంద్యాల ఓటర్లు ప్రధానమంత్రి శ్రీ పి. వి. నరసింహారావుగారిని 5 లక్షల 80 వేల ఆధిక్యముతో గెలిపించిరి. వారు నంద్యాల సభ్యులుగ ఉన్న కాలముననే 73వ రాజ్యాంగ సవరణ 1992 డిసెంబరులో పార్లమెంటులో నెగ్గి, 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. మీరు ఈనాడు ఐదేండ్లకొకసారి ఎన్నికగుట, గ్రామసభ, ఆర్థిక సంఘము, 29 విషయముల పట్టిక - అన్నియు ఆ సవరణనుండి పుట్టినవే.

ఆ సవరణలో ఒక చిన్న వాక్యము కలదు. పార్లమెంటు సభ్యులకు, శాసనసభ్యులకు పంచాయతీలలో స్థానము కల్పింపవచ్చును. అయితే గ్రామస్థాయికి పైనున్న అంతస్తులలో మాత్రమే. అనగా మండల పరిషత్తులో, జిల్లా పరిషత్తులో వారికి చోటు ఉండవచ్చును. గ్రామ పంచాయతీలో వారికి పీట లేదు. ఇది పొరపాటున జరిగినది కాదు. గ్రామమును గ్రామస్థులే నడుపవలెనని తలచి వ్రాసినది. పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి కూడ 1993 డిసెంబరులో నరసింహారావుగారి ప్రభుత్వమే ప్రారంభించినది. 2011-12 నుండి ఒక్కొక్క సభ్యునకు సంవత్సరమునకు 5 కోట్ల రూపాయలు. ఆ నిధిలోనుండియు సభ్యుడు పనిని సిఫారసు చేయును. మంజూరు చేసి జరిపించునది జిల్లా యంత్రాంగము. ప్రజాప్రతినిధి చేతిలో డబ్బు సంచి ఉన్నదని మనవారు భావింతురు. చేతిలో ఉన్నది సిఫారసు. ఆ సిఫారసునకు బలము ఇచ్చునది మీ తీర్మానము.

దీనికి దృష్టాంతము మీరు కన్నులార చూచిన పల్లెపండుగయే. 2024 ఆగస్టు 23న రాష్ట్రములోని 13,326 గ్రామ పంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిగినవి. అక్కడ తీర్మానించిన పనులకు అక్టోబరు 14 నుండి 20 వరకు వారముదినములు శంకుస్థాపనలు జరిగినవి. సుమారు 4,500 కోట్ల రూపాయలతో 30 వేల పనులు చేయవలెనని సంకల్పము. సిమెంటు రోడ్లు, పశువుల కొట్టములు వీనిలో ముఖ్యమైనవి. ప్రతి ఊరిలోను శాసనసభ్యులు, వారి ప్రతినిధులు వచ్చి కొబ్బరికాయ కొట్టిరి. మంచిదే. అయితే ఆ సిమెంటు రోడ్డునకు డబ్బు ఎక్కడనుండి వచ్చినదో మీలో ఎందరు విచారించిరి?

అది ఉపాధిహామీ పథకములోని సామగ్రి పద్దు. ఆనాటి ఆ పథకపు నియమము ప్రకారము మొత్తము వ్యయములో కూలికి 60 పాళ్ళకు తక్కువ కారాదు, సామగ్రికి 40 పాళ్ళకు మించరాదు. కావున కూలి పనులు ఎంత ఎక్కువ జరిగిన, రోడ్లకు అంత ఎక్కువ సొమ్ము వచ్చును. ఎండలో కాలువ పూడిక తీసిన కూలిజనులు, ఇంకుడుగుంతలు త్రవ్వినవారు, చెరువుమట్టి మోసిన స్త్రీలు సంపాదించి పెట్టిన హక్కు అది. మస్టరులో దొంగ హాజరు వేసినవాడు కూలివాని పొట్ట కొట్టుటయే గాక తనిఖీలో పట్టుబడి ఊరి రోడ్డునకు ఎసరు పెట్టినవాడగును. శిలాఫలకముపై ఎవరి పేరు ఉండవలెనని రెండు పక్షములు జగడమాడుట నేను చూచినాను. ఆ ఫలకముపై నిజముగా ఉండదగిన పేర్లు మస్టరులో ఉన్నవి.

రోడ్డు వేయుట ఒక ఎత్తు, నిలుపుకొనుట ఒక ఎత్తు. మనది నల్లరేగడి నేల. ఎండకు నోరు తెరచును, వానకు ఉబ్బును. ప్రక్క కాలువ లేని రోడ్డు ఈ నేలలో మూడు వర్షఋతువులు నిలుచుట కష్టము. నీరు అడుగున చేరి మన్ను కదలును, పైన సిమెంటు పలక పగులును. అప్పుడు కంట్రాక్టరును తిట్టుదుము. కొన్నిమార్లు వాని తప్పు ఉండకపోదు. కాని కాలువ త్రవ్వవలసిన చోట అరుగు కట్టుకొన్న ఇంటివానిని ఎవరు అడుగవలెను? శాసనసభ్యుడు వచ్చి అరుగు తొలగింపడు, తొలగింపలేడు. అది మీ పని. పంచాయతీ ఆస్తులను కాపాడు అధికారమును 2011 నాటి నిబంధనలు మీకే ఇచ్చినవి. రోడ్డునకు తీర్మానము వ్రాసిన దినముననే ప్రక్క కాలువకును వ్రాయుడు. అరుగు సర్పంచిగారి మేనమామదైనను సరే.

ఇదే మాట వాగులకు మరింత వర్తించును. 2019 సెప్టెంబరును తలచుకొనుడు. నల్లమల నుండి దిగిన వానలకు మహానంది ఆలయములోనికి నీరు వచ్చినది. కుందూ పొంగినది, వంకలన్నియు పొంగినవి. ఊరికి ఊరికి రాకపోకలు నిలిచిపోయినవి, పైరులు నీట మునిగినవి. కుందూను వెడల్పు చేయుట, దానిపై జలాశయములు కట్టుట ప్రభుత్వములు చేయవలసిన పని. రాజోలి, జలదరాశి జలాశయములకు 2019 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది. వాటినిగూర్చి సభలో అడుగుమని శాసనసభ్యులను మీరు కోరవచ్చును, కోరవలెను. కాని నలువది అడుగుల వంక పదునైదు అడుగులకు కుదించుకొనిపోవుట శాసనసభలో జరుగలేదు. ఏడాదికొక సాలు చొప్పున దున్నుకొని గట్టును ముందుకు జరిపినవారు మన ఊరివారే. వంక కొలతలు సర్వే పటములో ఉండును. వానలకు ముందే గ్రామ సర్వేయరును పిలిచి కొలిపింపుడు. వరద వచ్చిన తరువాత పరిహారపు అర్జీలు వ్రాయుటకన్న ఈ పని చౌక.

సాగునీటి విషయములో మాత్రము పంచాయతీకి హద్దు కలదు. కర్నూలు-కడప కాలువ మన ప్రాంతపు ప్రాణము. ఒక ఆంగ్ల కంపెనీ 1863లో పని ఆరంభించి తుంగభద్రపై సుంకేసుల నుండి దానిని త్రవ్వినది. పడవలు నడిపి లాభము గడించవలెనని ఆశించి, నష్టపోయి, 1882లో ప్రభుత్వమునకు అప్పగించినది. నేటికి దాని ఆయకట్టు సుమారు 2 లక్షల 65 వేల ఎకరములు. మన తూర్పు అంచున వెలుగోడు నుండి తెలుగుగంగ కాలువ పోవుచున్నది. మదరాసునకు త్రాగునీరు ఇచ్చుటకై 1983లో కుదిరిన ఒడంబడికతో రూపొందినది. ఏ కాలువకు ఏ తేదీన నీరు వదలవలెను, ఏ పంటకు ఇవ్వవలెను అన్నది నిర్ణయించుటలో జిల్లా నీటిపారుదల సలహా సంఘమునకు ముఖ్యస్థానము. అందులో శాసనసభ్యులు కూర్చుందురు. చివరి ఆయకట్టు రైతుల గోడు అక్కడ వినిపించుట వారి బాధ్యత. 1997 చట్టము ప్రకారము ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగినవి. ఆ సంఘము వారును మీరును వేరు వేరు అర్జీలతో పోవలదు. ఒకరు వరికి నీరడిగి, వేరొకరు శనగకు అడిగి, మూడవవారు త్రాగునీటి చెరువు నింపుమని అడిగినచో, అధికారి మూడును ప్రక్కన పెట్టుట మానవస్వభావము.

ఇక సొమ్ము సంగతి. ఇందులో మీరు నష్టపోయిన కాలమొకటి కలదు. దాచిపెట్టుట నాకు ఇష్టము లేదు. 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టుతో తీరినది. తరువాతి ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గాని జరుగలేదు. రెండున్నర సంవత్సరములు ప్రత్యేకాధికారుల పాలన. కేంద్ర ఆర్థిక సంఘపు నిధులు పొందుటకు ఎన్నికైన పాలకవర్గము ఉండవలెనను నియమము కలదు గనుక గ్రామములు ఆ మేరకు దెబ్బతినినవి. ఎన్నికలైన సంవత్సరమే పంచాయతీల ఆర్థిక సంఘ నిధులలోనుండి విద్యుత్తు బకాయిలు సర్దుబాటు చేయగా రాష్ట్రమంతట సర్పంచులు నిరసన తెలిపిరి. ఏ ప్రభుత్వము చేసినను, పంచాయతీ ఖాతాలోని సొమ్ము పంచాయతీ తీర్మానము లేకుండ కదలుట మంచిది కాదని నా అభిప్రాయము. మన శాసనసభ్యులను ఏ పక్షమువారైనను అడుగదగిన ప్రశ్నలలో ఇది మొదటిది. ఎన్నికలు గడువునకు జరిపింపుడు, మా ఖాతా మాకు విడువుడు అని అడుగుట అర్జీ కాదు, హక్కు.

అయితే మన లెక్క మనము చూచుకొనవలదా? 15వ ఆర్థిక సంఘము 2021-22 నుండి 2025-26 వరకు ఇచ్చిన నిధులలో 60 పాళ్ళు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు మాత్రమే. మిగిలిన 40 పాళ్ళు మీ అవసరమునుబట్టి. ఈ భేదము తెలియక త్రాగునీటి పద్దులో రచ్చబండ కట్టించి ఆడిటువారిచేత ఆక్షేపణ పొందినచో ఎవరిని అనవలెను? ఇంటిపన్ను సంగతి చెప్పనక్కరలేదు. పన్ను వసూలు చేసిన ఓటు పోవునని వార్డు సభ్యుడు, అడిగిన మాట పోవునని సర్పంచి ఊరకుందురు. స్వాతంత్ర్యదినోత్సవమునకు పంచాయతీలకు ఏండ్ల తరబడి 100 రూపాయలు, 250 రూపాయలు ఇచ్చుచుండిరి. 2024లో అది చిన్న పంచాయతీలకు 10 వేలు, పెద్ద పంచాయతీలకు 25 వేలు చేసిరి. మిఠాయిలకు ఇబ్బంది తీరినది. కుళాయి మరమ్మతునకు సొంత ఆదాయము కావలెను గదా.

మీలో కొందరు మనసులో అనుకొనుచున్న మాట నాకు తెలియును. "శాసనసభ్యులు వేరు పక్షము, మా సర్పంచి వేరు పక్షము, మా ఊరి పని కాదు" అని. మన సీమలో ఈ మాటకు గల బరువు నేను ఎరుగుదును. కాని గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండ జరుగును. చట్టము మిమ్ము ఏ పక్షమువారుగను గుర్తింపదు. రెండు పక్షముల వార్డు సభ్యులు ఒకే తీర్మానముపై సంతకము చేసి తెచ్చినప్పుడు త్రోసివేయుట ఏ ప్రతినిధికైనను కష్టము. ఒక పక్షము ఉత్తర వీధికి, మరియొక పక్షము దక్షిణ వీధికి అడిగినప్పుడు నిర్ణయము వారికి అప్పగించినది మనమే.

అర్జీ ఎట్లుండవలెనో కూడ చెప్పెదను. "మా ఊరికి రోడ్డు వేయింపుడు" అన్న ఒక్క వాక్యము అర్జీ కాదు. ఎక్కడనుండి ఎక్కడికి, ఎన్ని మీటర్లు, సర్వే నంబరు ఏది, స్థలము పంచాయతీదా ప్రైవేటుదా, ఎన్ని ఇండ్లకు ఉపయోగము, సహాయ ఇంజనీరు వేసిన అంచనా ఎంత, గ్రామసభ తీర్మానపు సంఖ్య, తేదీ, పూర్తియైన తరువాత మరమ్మతు ఎవరిది - ఇవి ఉండవలెను. రెండు ప్రతులు వ్రాసి ఒకదానిపై అందినట్లు సంతకము తీసికొనుడు. మూడు నెలలకు జవాబు రానిచో మండల పరిషత్తు సమావేశములో మీ ఎం.పి.టి.సి. సభ్యునిచేత అడిగింపుడు. వీధిదీపమునకు, చెత్తబండికి, కుళాయి చక్రమునకు శాసనసభ్యుని ఇంటి ముందు నిలువవలదు. మీ కాలము, వారి కాలము రెండును వ్యర్థము.

కొన్ని విశేషములు చెప్పి ముగించెదను. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. గర్భిణులను, పాముకాటు తగిలినవారిని కర్నూలు తరలించు ఆతురతలో దగ్గరి ఆసుపత్రిని మరువవలదు. 1906లో వెలసిన నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రము వారు శనగలో యంత్రముతో కోయుటకు అనువైన నిటారు రకమును తెచ్చియున్నారు. కూలీలు దొరకని ఊళ్ళవారు రైతులను వెంటబెట్టుకొనిపోయి చూపింపుడు. ఆళ్ళగడ్డ రాతి శిల్పములకు భౌగోళిక గుర్తింపు లభించినది. రహదారి ప్రక్క రాళ్ళు చెక్కు ఆ కుటుంబములవారు రాతిధూళిలో పనిచేయుదురు. ఊపిరితిత్తుల పరీక్షకు ఆరోగ్య శిబిరము పెట్టుమని అడుగుట స్థానిక సభ్యులు ఇప్పుడే చేయదగిన పని.

కడపటిది అహోబిల పార్వేట. కనుమనాడు బయలుదేరి స్వామి పల్లకి నలువది దినములకు పైగా ముప్పదికి మించిన గ్రామములు తిరుగును. ఏ ఊరికి ఏ దినము వచ్చునో, ఏ తెలుపు క్రింద దిగునో, ఎవరు పల్లకి మోయవలెనో తరతరములుగా ఊరివారే నడుపుకొనుచున్నారు. ఆ దారిలోని వంకలు, కుంగిన కల్వర్టులు, దీపములు లేని మలుపులు ఏవో మోయువారికి తెలిసినంతగా ఇంజనీర్లకు తెలియవు. దారిలోని గ్రామముల సభ్యులు ఆ బోయీలను అడిగి ఒక పట్టిక వ్రాసికొని వచ్చినారని విన్నాను. భోజనానంతరము ఆ పట్టికలతో, తీర్మానపు పుస్తకములతో మండలమువారీగ కూర్చుండుడు. రుద్రవరము, ఆళ్ళగడ్డ మండలములవారు మొదట రండు. ఆ దారిలో వంకలు ఎక్కువ.